టీచరుగారి రెండు సీట్ల కారు

ఆ పిల్లని ఇంట్లో అందరూ చక్రం అనేవారు. నడక రాకముందు ఏది దొర్లితే దాని వెనకాల పాకేదని మేనమామ పెట్టిన పేరు. గిన్నె మీది మూత దొర్లినా వదిలేది కాదు, దారపుండ దొర్లినా వదిలేది కాదు. ఇప్పుడు పెద్దదై, కళ్ళద్దాల దుకాణం వెనకగదిలో అద్దాలు అరగదీసే ఉద్యోగం చేస్తోంది. అయినా పేరు పోలేదు. పేరుతో పాటు పిచ్చీ పోలేదు.

మేనమామకి లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. ఆ షెడ్డు గోడకి ఒకప్పుడు ఓ క్యాలెండరు వేలాడేది. అందులో ఒక నెలకి పాత స్పోర్ట్స్ కారు బొమ్మ వేశారు. పొడుగాటి ముక్కు, గుండ్రటి దీపాలు, సైకిలుకున్నట్టు ఊచల చక్రాలు, కావలసినప్పుడు మడిచి వెనక్కి తోసేసే గుడ్డ టాపు. ఉన్నవి రెండే సీట్లు. ఆ నెల అయిపోయినా చక్రం ఆ కాగితం తిప్పనిచ్చేది కాదు. "ఏ నెలలో బతుకుతున్నానో తెలీక చస్తున్నానే" అని మేనమామ మొత్తుకుని, చివరికి బొమ్మ కత్తిరించి చేతిలో పెట్టాడు. ఆమె బట్టల బీరువా తలుపుకి లోపలివైపు అది ఇప్పటికీ అంటుకుని ఉంది.

ఆ కారు తయారుచేయడం ఆమె పుట్టకముందే మానేశారు. దాని గురించి ఎవరు ఏ ముక్క రాసినా ఆమె చదివింది. ఏ బోల్టు ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. చేత్తో ముట్టుకున్నది మాత్రం ఎన్నడూ లేదు. ఈత మీద పుస్తకాలన్నీ చదివేసి ఒడ్డునే నిలబడ్డ మనిషి చందం.

అలాంటిది, బ్యాటరీల దుకాణం ఆయన ఒకరోజు మేనమామతో మాటల మధ్య ఒక సంగతి చెప్పాడు. వయొలిన్ నేర్పే టీచరుగారు ఒకావిడ ఉన్నారు, వాళ్ళింట్లో అలాంటి కారే ఉంది, భర్త పోయాక అమ్ముదామని చూస్తున్నారు, ఎందరో వెళ్ళారు గానీ ఒక్కరూ కొనలేదు అని.

"ఎందుకు కొనలేదట?" అన్నాడు మేనమామ.

"ఏమో. వెళ్తారు, చూస్తారు, ఆలోచించి చెప్తామంటారు, మళ్ళీ ఆ గుమ్మం తొక్కరు."

ఆ మాట విన్న దగ్గర్నుంచీ చక్రానికి అన్నం సహించలేదు. ఈ చుట్టుపక్కల అలాంటి కారు ఇంకొకటి లేదని ఆమెకి తెలుసు. ఇది చేజారితే మిగిలేది బీరువా తలుపు మీది బొమ్మే.

అమ్మకి చెబితే అమ్మ తలపట్టుకుంది. "ముగ్గురం ఉన్న ఇంటికి ఇద్దరు పట్టే కారేమిటే? నువ్వూ నేనూ ఎక్కితే మీ మావయ్యని ఎక్కడ పెడతావు, డిక్కీలోనా?"

"డిక్కీలో పట్టడమ్మా. పొట్ట అడ్డం."

"నా పొట్ట మీద పడ్డారేం తల్లీకూతుళ్ళిద్దరూ" అన్నాడు మేనమామ. "బస్తాడు సిమెంటు వేసుకోలేనిది కూడా ఒక బండేనా అంట! అయినా చూసొద్దాం పద. చూడ్డానికి డబ్బులడగరుగా."

ఆదివారం పొద్దున మేనమామ వ్యానులో ఇద్దరూ బయల్దేరారు. 

టీచరుగారిల్లు సందు చివర. చిన్న ఇల్లు, పెద్ద షెడ్డు. ఇల్లు తెరిచి ఉంటే లోపల ఎవరో శిష్యురాలు ఒకే వరసని తప్పుతూ తప్పుతూ వాయిస్తోంది. టీచరుగారు గుమ్మంలో నిలబడి, తల అటు తిప్పకుండానే "రెండో వేలు పైకి జరిగింది" అన్నారు లోపలికి. తరవాత వచ్చినవాళ్ళని చూశారు. సన్నగా, నిటారుగా, గీత గీసినట్టుండే మనిషి.

"కొనేది మీరా?" అని మేనమామనడిగారు.

"నేను కాదండీ, మా మేనకోడలు. నేను ఊరికే తోడొచ్చాను, మొసలి నోట్లో పడుతుంటే కాళ్ళు పట్టుకు లాగడానికి."

టీచరుగారు నవ్వలేదు. చక్రం వైపు తిరిగారు. "నీకు వినడం వచ్చా?"

"ఏం వినాలండీ?"

"ఏదైనా. సరే, రా."

షెడ్డు తలుపులు తీశారు. నేల ఊడ్చి, తుడిచి, అద్దంలా ఉంది. మధ్యలో దుప్పటి కప్పిన కారు. ఆవిడ దుప్పటిని నాలుగు మడతలు పెట్టి తీసేసరికి చక్రం ఒక అడుగు ముందుకేసింది. బొమ్మలో చూసిన ముక్కే. దీపాలూ అవే. ముదురు ఎరుపు. ఎక్కడా దుమ్ము లేదు. ఆమె దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపి, ముట్టుకోకుండా మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"ముట్టుకో, కరవదు" అన్నారు టీచరుగారు.

ధర మాట ముందే బ్యాటరీలాయన ద్వారా తెలుసు. అది న్యాయమైన ధరే. మేనమామ ఇక ఆలస్యం లేకుండా ముక్కు మీది బానెట్ పైకెత్తి లోపలికి వంగాడు. వైర్లు లాగి చూశాడు, రబ్బరు గొట్టాలు నొక్కి చూశాడు. తరవాత ఇంజిన్‌లో ఆయిల్ పోసే చోట ఉన్న మూత తిప్పి తీశాడు. తీసి, దాని అడుగు వైపు చూసి, మొహం అదోలా పెట్టాడు.

"చూశావా చక్రం" అన్నాడు గొంతు తగ్గించి.

మూత అడుగున పాలెక్కువైన టీ రంగులో జిగురు మందంగా పట్టి ఉంది. గోరుతో గీస్తే వెన్నలా వచ్చింది. ఆయిల్లో నీళ్ళు కలిస్తే అలా అవుతుంది. ఇంజిన్ లోపల నీళ్ళూ ఆయిలూ వేరువేరు దారుల్లో తిరుగుతాయి. వాటి మధ్య ఉండే పలక చెడితేనో, లోపలి ఇనుము పగిలితేనో రెండూ కలుస్తాయి. అంటే ఇంజిన్ మొత్తం విప్పాలి. ఈ బండికి విడిభాగాలు దొరకడమంటే గోదాట్లో పారేసుకున్న ఉంగరం వెతకడమే.

"అందుకన్నమాట అందరూ పారిపోయింది" అన్నాడు మేనమామ. "పద, మనమూ ఆలోచించి చెబుదాం."

వాళ్ళ గుసగుసలు టీచరుగారు చూస్తూనే ఉన్నారు. "మీరూ మొదలెట్టారూ?" అన్నారు. "వచ్చిన ప్రతివాళ్ళూ ఆ మూత తీస్తారు, ఆముదం తాగినట్టు మొహం పెడతారు, వెళ్ళిపోతారు. కారణం అడిగితే చెప్పరు. రంగు నచ్చలేదేమో అనుకున్నాను. పోనీ నా మొహం నచ్చలేదేమో!"

చక్రం కదల్లేదు. ఏదో పొసగడం లేదు. ఆమె నీళ్ళు పోసే రేడియేటరు మూత కూడా తీసి చూసింది. నీళ్ళు తేటగా, నిండుగా ఉన్నాయి. మీద ఆయిల్ తెట్టె లేదు. పలక చెడితే ఇవి తగ్గాలి, లేదా జిడ్డు తేలాలి.

"ఇందులో నీళ్ళు మీరు పోస్తుంటారా అండీ?"

"లేదే. ఆయన పోసినవే."

"బండి ఎప్పుడైనా స్టార్ట్ చేస్తారా?"

"ప్రతి శుక్రవారం. ఇన్నేళ్ళలో ఒక్క వారం తప్పలేదు. జ్వరమొచ్చిన వారం కూడా గోడ పట్టుకుని వచ్చాను." ఆవిడ గొంతులో మొదటిసారి కాస్త గర్వం వినిపించింది. "నాకు నడపడం రాదు. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇది ఎలా స్టార్ట్ చెయ్యాలో చెప్పారు. వారానికోసారి చెయ్యి, లేకపోతే పాడైపోతుంది అన్నారు. ఇదిగో, చూపిస్తాను."

ఆవిడ తలుపు తీసుకుని సీట్లో కూర్చున్నారు. చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ అందించే చోక్ పిడి లాగారు. తాళం తిప్పారు. ఇంజిన్ ఒకసారి గొంతు సవరించుకుని, దగ్గి, అందుకుంది. మొదట్లో అది గరగరలాడుతూ పరుగు తీసింది. టీచరుగారు చెవి ఒక పక్కకి వంచి, వింటూ, చోక్ పిడిని కొంచెం కొంచెం లోపలికి తోస్తున్నారు. శబ్దం తగ్గుతూ, నునుపవుతూ వచ్చింది. వణుకు పోయి ఒకే స్థాయిలో నిలబడింది. నిలబడీ నిలబడగానే ఆవిడ తాళం తిప్పి ఆపేశారు.

"అంతే" అన్నారు. "స్వరం కుదిరింది. స్కూలుకి సెలవులొస్తే వయొలిన్లన్నీ ఇలాగే చూసేదాన్ని. సెలవుల్లో ఎవరూ వాయించరు కదా. నేనే వారం వారం వెళ్ళి, ఒక్కో తీగా శ్రుతి చేసి, కుదరగానే పెట్టెలో పెట్టేదాన్ని. ఒక్కటీ పాడవలేదు."

మేనమామా మేనకోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

ఇంజిన్‌లో పెట్రోలు మండితే ఆవిరి పుడుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ ఆ ఆవిరి నీరై ఆయిల్లోకి దిగుతుంది. బాగా కాగాకే మళ్ళీ ఎగిరిపోతుంది. ఆవిడ ప్రతివారం అది కాగబోయే ముందు, స్వరం కుదిరిన క్షణాన ఆపేస్తున్నారు. ఒక్కోవారం చెమ్మ ఒక్కో బొట్టు పోగైంది. పలకా చెడలేదు, ఇనుమూ పగల్లేదు. ఆయిల్ మార్చి, బండిని దూరం తిప్పితే సగానికి సగం రోగం పోతుంది. ఇంతమంది వచ్చారు గానీ, వారానికి ఎంతసేపు తిప్పుతారని ఆవిడని అడిగినవాళ్ళు లేరు.

మేనమామ ఆమెని గేటు దాకా లాక్కెళ్ళాడు. "ఒసే, అదృష్టం గుమ్మం ముందు కూర్చుని ఆవులిస్తోందే. ఇంజిన్ పోయిందని చెప్పు. ముందొచ్చిన వాళ్ళంతా అనుకున్నది అదే. తూకానికి ఇచ్చేస్తుంది."

"అబద్ధం కదా మావయ్యా."

"పోనీ అబద్ధం వద్దులే. నోరు మూసుకుని ధర ఇచ్చి పట్టుకుపో. ఇంటికెళ్ళాక మనం చూసుకుంటాం. నిజం చెబితే మాత్రం ఆవిడ మనసు విరుగుతుంది. మనసు విరిగిన మనిషి బండి అమ్మదు. నామాట విను."

ఈ రెండో మాట దగ్గర చక్రం ఆగింది. అందులో న్యాయం ఉన్నట్టే తోచింది. ముసలావిడ జ్వరంలో కూడా గోడ పట్టుకుని వచ్చి చేసిన పని. అదే దాన్ని చెడగొట్టిందని చెప్పడానికి నోరెలా వస్తుంది? చెప్పకపోతే పోయేదేముంది? బండి తనదవుతుంది, ఆవిడ ప్రశాంతంగా ఉంటారు.

అలా అనుకుంటూనే వెనక్కి వచ్చింది. టీచరుగారు ఇంకా సీట్లోనే కూర్చుని ఉన్నారు.

"కొనకపోతే కొనకపో" అన్నారు. "నువ్వైనా చెప్పి వెళ్ళు. ఆ మూతలో ఏముంది?"

చక్రం నోరు తెరిచింది. పేరు తెలియని పాపం ఏదో చేసినట్టు, వచ్చినవాళ్ళ మొహాలు చూస్తూ ఏళ్ళుగా నిలబడిన మనిషి ఆవిడ. ఆ మనిషికి సరే, కొంటానండీ అని మాత్రం చెప్పి డబ్బు చేతిలో పెట్టడం ఆమె వల్ల కాలేదు. వెనక మేనమామ దగ్గాడు. ఆమె చెప్పేసింది.

"మూత పెట్టిన గిన్నెని పొయ్యి మీద పెట్టి, మూత కింద చెమ్మ పట్టగానే దించేస్తే ఆ నీళ్ళు ఎటుపోతాయండీ? మళ్ళీ గిన్నెలోకే. ఇదీ అంతే. మీరు ఆపేసే సమయానికి ఇంజిన్ ఇంకా కాగదు. నీళ్ళు ఆయిల్లో మిగిలిపోతున్నాయి."

లోపల శిష్యురాలు తప్పు వాయించింది. టీచరుగారు సరిదిద్దలేదు.

"అంటే నేనే పాడుచేశాను."

"కొంచెం. కానీ అసలు ముట్టుకోకుండా వదిలేసి ఉంటే లోపల బిగుసుకుపోయి ఉండేది. మీరు తిప్పబట్టే అది ఇంకా తిరుగుతోంది. రెండూ నిజమేనండీ."

"నన్ను ఊరడించడానికి అంటున్నావా?"

"లేదండీ. ఊరడించాలనుకుంటే మొదటిది చెప్పేదాన్నే కాదు."

ఆవిడ కారు దిగి, దుప్పటి మడతలు విప్పి కప్పారు. ఒక మూల సరిగా పడకపోతే రెండుసార్లు సర్దారు. "ఇవాళ్టికి వెళ్ళిరండి" అన్నారు.

వ్యానులో మేనమామ దారంతా గేర్లు విసురుగా మారుస్తూ నడిపాడు. చివరికి, "మీ అమ్మ పోలికే నీకు. అది కూడా ఇంతే. దేవుడు నోరిచ్చింది నిజం చెప్పడానికే అనుకుంటుంది, మధ్యలో అన్నం తినడానికి కూడా అని మర్చిపోతుంది" అన్నాడు.

ఆ వారం చక్రం అరగదీసిన అద్దాల్లో రెండు పగిలాయి. దుకాణం యజమాని "ఏంటమ్మా, ధ్యాస ఎక్కడుంది?" అన్నాడు. ఇంట్లో అమ్మ కూడా వేళాకోళం మానేసింది. అది ఇంకా కష్టంగా ఉంది. బీరువా తెరిచినప్పుడల్లా ఆ బొమ్మ కనపడకుండా తలుపు సగమే తీసి బట్టలు లాక్కుంది.

వారం తిరిగాక ఒక మధ్యాహ్నం, యజమాని వెనకగదిలోకి తొంగిచూసి, "నీకోసం ఎవరో పెద్దావిడ" అన్నాడు. టీచరుగారు. బ్యాటరీలాయన్ని అడిగి దుకాణం కనుక్కున్నారట. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"చెవి మీది పుల్ల వదులైంది. బిగించు."

చక్రం చూసింది. పుల్ల ఏమీ వదులు కాలేదు. అయినా చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని బిగించినట్టు చేసింది.

"మొన్న శుక్రవారం స్టార్ట్ చెయ్యలేదు" అన్నారు టీచరుగారు, కళ్ళద్దాలు లేని చూపుతో ఎటో చూస్తూ. "చెయ్యి ఊరుకోలేదు. తాళం తీసుకెళ్ళి వయొలిన్ పెట్టెలో పెట్టేశాను. మీ మావయ్య దాన్ని బాగుచెయ్యగలడా?"

"చేస్తాడండీ. మేమిద్దరం చేస్తాం."

"అమ్ముతానని మాత్రం ఇప్పుడు మాటివ్వను. జబ్బులో ఉన్నదాన్ని ఎవరికీ అప్పజెప్పను. బాగయ్యాక ఉంచుకోవాలనిపిస్తే ఉంచుకుంటాను. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను" అంది చక్రం.

"ఎవరింటి గోడకో మనం సున్నం వేస్తున్నామే" అన్నాడు మేనమామ ఆ సంగతి వినగానే. అంటూనే పనిముట్ల పెట్టె వ్యానులోకి ఎక్కించాడు. ఆ మనిషి మాటకీ చేతికీ ఎప్పుడూ పొత్తు కుదిరేది కాదు.

కొన్ని ఆదివారాలు ఆ షెడ్డులోనే గడిచాయి. ఏళ్ళ తరబడి ఒకేచోట నిలబడ్డ బండి బ్రేకులు బిగుసుకుంటాయి, టైర్లు నేలకానిన చోట చదునవుతాయి. అన్నీ ఒకటొకటిగా చూసుకోవాలి. మేనమామ కింద దూరి పడుకుంటే కాళ్ళూ, పొట్ట అంచూ మాత్రం బయటికి కనిపించేవి. చక్రం పక్కనే కూర్చుని అడిగిన పానా అందించేది. చదువుకున్న ప్రతి ముక్కనీ ఇప్పుడు వేళ్ళకి మళ్ళీ నేర్పుకోవలసి వచ్చింది. పుస్తకంలో 'విప్పవలెను' అని ఒక్క మాటలో ఉన్న బోల్టు విప్పడానికి ఒక పూట పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. దుకాణంలో అద్దం పట్టుకుంటే మండేవి. అయినా ఆమెకి ఆ మంట బాగుండేది.

టీచరుగారు కుర్చీ వేసుకుని చూస్తుండేవారు. పాత ఆయిల్ వదిలినరోజున, అది పళ్ళెంలోకి తెల్లతెల్లగా, చారికలు చారికలుగా జారుతుంటే వంగి చూశారు.

"అదంతా నా నిర్వాకమే కదూ" అన్నారు.

"మా షెడ్డుకి రండి టీచరుగారూ" అన్నాడు మేనమామ కిందనుంచి. "లారీ డ్రైవర్ల నిర్వాకాలు చూపిస్తాను. ఒకాయన ఆయిల్ పోసే చోట నీళ్ళే పోశాడు. వాడి మీద కేసు లేదు, మీ మీద ఉంటుందా?"

అప్పుడు నవ్వారు ఆవిడ. నవ్వితే మనిషి మారిపోయేవారు.

కొత్త ఆయిల్ పోసి, పొడిబారిన గొట్టాలు మార్చి, మేనమామ పొట్ట బిగబట్టి వీధి చివరిదాకా నడిపి బ్రేకులు చూసుకున్నాక, ఒక ఉదయం దూరం తిప్పే సమయం వచ్చింది. "మూలమూలకీ వేడెక్కాలి. అప్పటిదాకా ఎక్కడా ఆపొద్దు" అని చక్రానికి చెప్పాడు. ఇంకో సీటు ఖాళీగా ఉంది. ఆయన ఒకసారి ఆ సీటునీ, ఒకసారి తన పొట్టనీ చూసుకుని, "టీచరుగారూ, మీరెక్కండి. నేను వ్యానులో వెనకొస్తాను, ఆగిపోతే తాడు కట్టి లాగడానికి" అన్నాడు.

"నోట మంచిమాటే రాదు కదా మావయ్యా!" అంది చక్రం.

టాపు వెనక్కి మడిచారు. టీచరుగారు జుట్టుకి గుడ్డ కట్టుకుని కూర్చున్నారు. చక్రం తాళం తిప్పింది. ఇంజిన్ అందుకుంది. సందు దాటారు, సంత దాటారు. చోక్ పిడిని చక్రం కొంచెం కొంచెం లోపలికి తోసింది. గరగర తగ్గింది. స్వరం నునుపై ఒకచోట నిలబడింది.

ఆ క్షణాన టీచరుగారి చెయ్యి తనంతట తాను తాళం వైపు కదిలింది. సగం దూరం వెళ్ళి ఆగింది. ఆవిడ ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. చక్రం చూడనట్టే రోడ్డు వైపు చూసింది.

ఊరి బయట రైలు పట్టాల పక్కన పోయే రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. చక్రం గేరు మార్చింది. బండి ముందుకి వంగి పరిగెత్తింది. ఇన్నేళ్ళు బొమ్మలో కదలకుండా ఉన్నది ఇప్పుడు చేతుల కింద వణుకుతోంది, లాగుతోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఏదో అనబోయింది.

"ఉష్" అన్నారు టీచరుగారు. "మాట్లాడకు."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు. వేడి సూచించే ముల్లు పైకి లేస్తోంది. ఇంజిన్ గొంతు మళ్ళీ మారుతోంది. ఇందాకటి నునుపు మాత్రమే కాదు, దాని అడుగున ఇంకేదో నిండుగా, లోతుగా వచ్చి చేరింది.

"కింద ఇంకో స్వరం ఉంది" అన్నారు టీచరుగారు చాలాసేపటికి. "ఇది నేనెప్పుడూ వినలేదు."

"ఆయనతో వెళ్ళినప్పుడు విని ఉంటారుగా?"

"ఆయన పక్కన కూర్చుంటే నేను మాట్లాడుతూనే ఉండేదాన్ని. స్కూలు సంగతులూ, పక్కింటి సంగతులూ. ఆయన కూడా విని ఉండరు పాపం. నా వాగుడు వింటూ ఉండేవారు." గాలికి గుడ్డ జారితే సర్దుకున్నారు. "శ్రుతి కుదిరాక కదా పాట మొదలుపెట్టాలి. పిల్లలకి ఇన్నేళ్ళు చెప్పిన మాటే. దీన్ని మాత్రం వారం వారం శ్రుతి చేసి పెట్టెలో పెట్టేశాను."

ఆవిడ మొహంలో వెలుగు చూస్తుంటే చక్రానికి సంగతి అర్థమైపోయింది. ఇంత ఆనందాన్ని ఎవరమ్ముకుంటారు? బండి తనది కాదు. అయినా చేతులు స్టీరింగు చక్రాన్ని జాగ్రత్తగా పట్టుకునే ఉన్నాయి.

తిరిగొచ్చి షెడ్డు ముందు ఆపాక మేనమామ వ్యాను దిగి, గుడ్డ పట్టుకుని, ఆయిల్ మూత తీసి చూశాడు. అడుగున తేనెరంగు తడి తప్ప మరేమీ లేదు. "కడిగిన ముత్యం" అన్నాడు. 

చక్రం తనే ముందు అనేసింది. "టీచరుగారూ, ఇది మీ దగ్గరే ఉండనివ్వండి. నేను వారం వారం వచ్చి తిప్పుతాను. మిమ్మల్ని కూడా కూర్చోబెట్టుకుని తీసుకెళ్తాను."

మేనమామ ఆకాశం వైపు చూశాడు.

టీచరుగారు కారు దిగకుండానే ఆమెని పరిశీలనగా చూశారు. "నీ మంచితనం నా మీద పెట్టకు" అన్నారు. "వచ్చే వారం వస్తావు. పై వారం వస్తావు. ఆ తరవాత నీకేదో పనిపడుతుంది. తప్పు కాదు, చిన్నదానివి, పనులుంటాయి. నేను మాత్రం గేటు దగ్గర నిలబడి సందు వైపు చూస్తూ ఉండాలి. ఇన్నాళ్ళూ శుక్రవారాలకి కాపలా కాశాను. ఇక చాలు."

దిగి, తలుపు మెల్లగా వేశారు.

"వచ్చినవాళ్ళందరూ నా దగ్గర నోరు కట్టుకుని పోయారు. నువ్వొక్కదానివే చెప్పావు. చెబితే అమ్మనేమో అని భయపడి కూడా చెప్పావు. తెలీదనుకున్నావా? గేటు దగ్గర మీ గుసగుసలు నాకు వినిపించాయి. నా చెవులు అలాంటివి." మేనమామ మొహం చింతపండులా అయిపోయింది. "తీసుకెళ్ళు. నీదే."

చక్రం కారు ముక్కు మీద అరచెయ్యి ఆనించింది.

"ధర ముందు అనుకున్నదే. తగ్గించను."

"బ్రేకులు మేమే వేశాం కదండీ" అని మేనమామ నసిగాడు, నేల చూస్తూ.

"అందుకే పెంచలేదు."

కాగితాల పని అదే వారంలో అయిపోయింది. బండి పట్టుకెళ్ళే రోజున టీచరుగారు శిష్యురాలి పాఠం మధ్యలో లేచి వచ్చారు. తాళం చేతిలో పెట్టారు. చక్రం కళ్ళలో నీళ్ళు చూసి విసుక్కున్నారు.

"ఇదిగో, ఒక మాట. కారు చూపించడానికి నా దగ్గరికి రావద్దు. నన్ను చూడ్డానికి రావాలనిపిస్తే బస్సెక్కి రా."

"అలాగేనండీ."

"అండీ గిండీ కాదు, వస్తావా?"

"వస్తాను టీచరుగారూ."

ఆవిడ తలూపారు. చక్రం బండి కదిలించింది. సందు సగం దాటాక అద్దంలో వెనక్కి చూసింది. గేటు దగ్గర ఎవరూ లేరు. ఇంట్లోంచి వయొలిన్ వరస మళ్ళీ మొదలైంది, ఈసారి రెండో వేలు తప్పకుండా.

సందు చివర ఇంటికి దగ్గరి దారి ఎడమకి. వెనక వ్యానులో మేనమామ అప్పుడే ఎడమవైపు దీపం వేశాడు. చక్రం వేడి చూపించే ముల్లు వైపు చూసింది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉంది. ఆమె కుడివైపుకి, రైలు పట్టాల రోడ్డుకి తిప్పింది. వెనక మేనమామ హారన్ మోత మోగుతూనే ఉంది, ఆమె మాత్రం వెనక్కి చూడలేదు.